54 ఏళ్లకు మెటల్ బ్యాండు పెట్టాలంటే ముందు డ్రమ్మర్‌ని పట్టండి

ప్రశ్న: ఇరవై ఏళ్లు బయట ఊళ్లలో హెవీ మెటల్ గిటారు వాయించాను. 54 ఏళ్ల వయసులో సొంతూరు విజయనగరం వచ్చేశాను. ఇక్కడ కొత్త బ్యాండు పెట్టాలనుంది. ఏ గిటారు, ఏ యాంప్లిఫైయర్ (ఆంప్) కొనాలి? ఈ వయసులో పెడితే ఎవరైనా వింటారా?

అన్నగారూ, ముందు రెండోదానికి జవాబు చెప్పేస్తాను. వింటారో లేదో ఎవరికీ తెలీదు. పాతికేళ్లవాడు పెట్టినా తెలీదు. వయసు మాట వదిలేయండి. గిటారిస్టు కె.కె. డౌనింగ్ 2011లో జూడాస్ ప్రీస్ట్ అనే మెటల్ బ్యాండు నుంచి బయటికొచ్చి, 2020లో 68 ఏళ్ల వయసులో కేకేస్ ప్రీస్ట్ అని కొత్త బ్యాండు ప్రకటించాడు. బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీ సంగతి మీకు నేను చెప్పాలా? పదిహేడేళ్లకే బర్మింగ్‌హామ్ రేకుల ఫ్యాక్టరీలో కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం, కాబట్టి స్ట్రింగ్స్ నొక్కాల్సింది ఆ చెయ్యే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకుని, సన్న స్ట్రింగ్స్ వేసుకుని వాయించాడు. మనకున్నవి కీళ్ల నొప్పులు. ఇంకా మాట్లాడితే బీపీ.

ఇక సామాను సంగతి. నాకు మైక్ సెట్ షాపు ఉంది. అంతకు ముందు చాలాకాలం ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు వాయించాను. గిటారు మీ దగ్గరున్నదే చాలు. వంద వాట్ల ఆంప్ మాత్రం కొనకండి, మన ఫంక్షన్ హాళ్లలో దాని వాల్యూమ్ సగం కూడా తిప్పనివ్వరు. ఇరవై ముప్ఫై వాట్లది తెచ్చుకుంటే దాని ముందు మైకు పెడతాం, మిగతాది మా బాక్సులు చూసుకుంటాయి. ఇంకొక్క మాట. మెటల్ వాయించే ప్రతివాడూ ఇంట్లో కూచుని ఆంప్ మీద మిడ్, అంటే మధ్యస్థాయి స్వరాల మోత, తగ్గించేస్తాడు. ఒంటరిగా వింటే బ్రహ్మాండంగా ఉంటుంది, పక్కన డ్రమ్స్, బేస్ మొదలవగానే గిటారు మాయమైపోతుంది. అప్పుడు వచ్చి మైక్ సెట్ వాడిని తిడతారు. మిడ్ పెంచండి.

అసలు మీరు అడగాల్సింది ఇదేదీ కాదు. డ్రమ్మర్ ఉన్నాడా?

గిటారిస్టులంతా బ్యాండు తమదే అనుకుంటారు. మెటాలికా ఎలా మొదలైంది? 1981లో లాస్ ఏంజెలెస్ పేపర్లో ప్రకటన ఇచ్చింది లార్స్ ఉల్రిచ్, డ్రమ్మరు. అది చూసి వచ్చినవాడు జేమ్స్ హెట్‌ఫీల్డ్. స్లేయర్ బ్యాండు 2019లో ఆగిపోయాక దాని గిటారిస్టు కెర్రీ కింగ్ సొంత బ్యాండు కట్టి 2024లో ఆల్బమ్ తెచ్చాడు. డ్రమ్స్ మీద ఎవరు? స్లేయర్‌లో వాయించిన పాల్ బోస్టాఫే. పైన చెప్పిన డౌనింగ్ కూడా జూడాస్ ప్రీస్ట్ పాత డ్రమ్మరు లెస్ బింక్స్‌నే ముందు అనుకున్నాడు. ఆయన మణికట్టు దెబ్బతిన్నాకే షాన్ ఎల్గ్ వచ్చాడు. బ్లాక్ సబ్బాత్ 2013 ఆల్బమ్‌లో వాళ్ల మొదటి డ్రమ్మరు బిల్ వార్డ్ లేడు, ఒప్పందం దగ్గర కుదరలేదు. ఆ లోటు నాకు ప్రతి పాటలోనూ వినిపిస్తుంది. 2025 జూలై 5న బర్మింగ్‌హామ్‌లో మొదటి నలుగురూ చివరిసారి స్టేజి ఎక్కినప్పుడు డ్రమ్స్ దగ్గర మళ్లీ ఆయనే. గిటారిస్టు కొత్త బ్యాండు పెట్టాడంటే డ్రమ్మర్ దొరికాడని అర్థం. ఇది నా సిద్ధాంతం, ఎవరొచ్చి వాదించినా మార్చుకోను.

ఇది ఎక్కడ పుట్టిందో చెబుతాను. మా మాస్టారు మీకంటే కాస్త పెద్ద. తొంభైల్లో బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాలు పబ్బుల్లో, కాలేజీ ఫెస్టుల్లో మెటల్ వాయించిన మనిషి. 2007 మార్చి 17న అక్కడ ప్యాలెస్ గ్రౌండ్స్‌కి ఇంగ్లండు మెటల్ బ్యాండు ఐరన్ మెయిడెన్ వస్తే నన్నూ రమ్మన్నారు. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఐరన్ మెయిడెన్‌కి వెళ్లిన ఘనత నాది. ఆ రాత్రి ఆయన గదిలో ఆ బ్యాండు ముగ్గురు గిటారిస్టుల గురించి ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. వాళ్ల డ్రమ్మరు నికో మెక్‌బ్రెయిన్, కాలితో పెద్ద డ్రమ్ కొట్టే పెడల్ ఒక్కటే పెట్టుకుని, ఒంటి కాలితో అంత వేగం ఎలా లాగుతున్నాడన్నదే చర్చ.

తర్వాత వాళ్లమ్మగారికి ఒంట్లో బాగోక ఆయన విజయనగరం వచ్చేశారు. ఆవిడ పోయాక ఇల్లు మరీ బోసిపోయింది. ఓ రోజు షాపుకొచ్చి, "బేస్ తియ్యరా, బ్యాండు పెడుతున్నాం" అన్నారు. డ్రమ్మర్ కోసం వెతుకులాట అప్పుడు మొదలైంది.

ఆర్కెస్ట్రా వాళ్లను అడిగాం. ఇప్పుడు డ్రమ్స్ వాయించే ఆర్కెస్ట్రా ఎక్కడుందండీ? పెన్ డ్రైవ్‌లో ట్రాక్ వేస్తారు, ఒకడు ప్యాడ్ ముందు నిలబడి పుల్లలు ఊపుతాడు. పాడేవాళ్లు కూడా సగం మంది పెదాలే కదుపుతారు. నా మైకులో గొంతు రావట్లేదని నాకు తెలుస్తుంది కదా! డబ్బులు మాత్రం ఫుల్ ట్రూపుకి తీసుకుంటారు. ఈ రోగం మొదలయ్యాక నేను ఆర్కెస్ట్రా మానేశాను. చర్చిల్లో మంచి డ్రమ్మర్లు ఉన్నారు, నిజానికి మన జిల్లాలో అసలైన డ్రమ్ కిట్ కనబడేది అక్కడే. ఒక కుర్రాడు సరదాపడ్డాడు కూడా. మాస్టారు పాత టీషర్టు మీద పుర్రె బొమ్మ చూసి వాళ్ల నాన్నగారు వద్దన్నారు. బ్యాండు మేళంలో సైడ్ డ్రమ్ వాయించే ఒకతన్ని కూచోబెట్టాం. చేతులు అద్భుతం. కాళ్లకు మాత్రం ఊరేగింపులో నడవడమే తెలుసు, కిక్ పెడల్ మీద పాదం పెట్టగానే చేతులు ఆగిపోయేవి.

అలా ఉండగా సంక్రాంతి వచ్చింది. గంట్యాడ వైపు ఒక ఊళ్లో తప్పెటగుళ్లు, అదే గుండెల మీద తప్పెట్లు కట్టుకుని ఆడే ఆట, మైక్ సెట్ నాది. ఊరికే కూచుని ఏం చేస్తారని మాస్టారిని కూడా ఆటోలో వేసుకెళ్లాను. బిడారు (ఆడేవాళ్ల జట్టు) వరసలో నిలబడింది, గురువు గంగమ్మ పాట ఎత్తుకున్నాడు. మాస్టారు కాసేపు మర్యాదకి చూశారు. తర్వాత కుర్చీ లాక్కుని ముందుకెళ్లి నేల వైపు వంగి కూచున్నారు. ఏదైనా పోగొట్టుకున్నారేమో అనుకున్నాను. ఆయన చూస్తున్నది చివర్లో ఉన్న ఒక గుంటడి కాళ్లు. గుండెల మీద తప్పెట్లపై రెండు చేతులూ ఒక దరువు వేస్తున్నాయి, గజ్జెల కాళ్లు వేరే అడుగులు వేస్తున్నాయి. దరువు వేగం పెరిగింది, గెంతాడు, దిగాడు, చెయ్యి ఎక్కడా తడబడలేదు.

ఆట అయ్యాక మాస్టారు నేరుగా గురువు దగ్గరికెళ్లారు. ఆయన ఆ గుంటడికి పెదనాన్న.

"మీ అబ్బాయిని మా బ్యాండుకి పంపుతారా?"

"పెళ్లి మేళానికా బాబూ?"

"కాదు. ఇంగ్లీషు సంగీతం."

"డబ్బులేటైనా ఒత్తాయా?"

"రావు."

"మరెందుకు బాబూ?"

మాస్టారి దగ్గర జవాబు లేదు. ఫోన్ తీసి, మెటల్ డ్రమ్మర్ ఒకడు రెండు పెడళ్లు పెట్టుకుని రెండు కాళ్లతో బాస్ డ్రమ్ వాయిస్తున్న వీడియో పెట్టారు. పెద్దాయన ఫోన్ని దూరంగా పట్టుకుని చివరిదాకా చూశాడు. "ఈడు కూకుని గెంతుతున్నాడు" అన్నాడు. తర్వాత షరతు పెట్టాడు. "గంగమ్మ పండక్కి, సంకురాత్రికి మావోడు మా కాడికి వొచ్చియ్యాల. మిగతా రోజులు నీ ఇష్టం." ఆ కుర్రాడు ఐటీఐలో ఫిట్టర్ చదువుతున్నాడు. వాడినైతే ఎవరూ అడగలేదు, కానీ అప్పటికే వాడు నా జనరేటరు మీద వేళ్లతో టకటకలాడిస్తున్నాడు.

ప్రాక్టీసుకి జాగా మరో నరకం. ఊరి బయట ఒక రైస్ మిల్లు గోడౌను వేసవిలో ఖాళీగా ఉంటుందని తెలిసి పట్టాం. రేకుల కప్పు, లోపల ఉడికిపోతాం. మోత తిరిగి మన మీదే పడుతుందని గోడలకు గోనె సంచులు వేలాడదీశాం. సింబల్స్ కీచుమోత తగ్గింది, బేస్ దుమారం అలాగే ఉంది. ఆంప్ ఆన్ చేస్తే గుయ్యిమని ఒకటే హమ్. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, ఆ హమ్ ఇంచుమించు జి స్వరం మీద పడుతుంది. మాస్టారు గిటారు అడుగు స్ట్రింగ్‌ని డి స్వరానికి దించుకున్నారు కాబట్టి ప్రతి రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటారు ముక్క) కిందా అడక్కుండా ఒక జి మోగుతూనే ఉండేది. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే నాలుగు బకెట్ల నీళ్లు ఎర్తు గుంతలో పోసి చక్కా పోయాడు. ఎండలకి ఆ గుంతలో ఉప్పు, బొగ్గు బిగదీసి ఎండిపోయి ఉన్నాయి. హమ్ సగానికి సగం పోయింది. ఇంటర్నెట్లో చదివి హమ్‌ని ఆపే ఖరీదైన నాయిస్ గేట్ పెట్టె కొనేముందు మీ ఎర్తు చూసుకోండి అన్నగారూ.

మొదటి సాయంత్రం కుర్రాడు స్టూలు మీద కూచోనన్నాడు. "కూకుని వాయించడమేటి మాస్టారూ, కాళ్లు కట్టేసినట్టుంది" అన్నాడు. కాసేపు నిలబడే కొట్టాడు, స్నేర్ డ్రమ్ స్టాండుతో సహా పడబోయింది. ఎలాగో కూచోబెట్టి డబుల్ పెడల్ కాళ్ల కింద పెట్టాం. మాస్టారు నెమ్మదైన రిఫ్ ఒకటి వాయించారు, గుంటడు దిక్కులు చూశాడు. ఇంకోటి వాయించారు, అదీ అంతే. నాకు టెన్షన్ మొదలైంది. అప్పుడాయన గ్యాలప్ ఎత్తుకున్నారు, ఐరన్ మెయిడెన్ వాళ్ల గుర్రపు పరుగు దరువు మీకు తెలిసిందే. రెండు ఆవృత్తాలు విని వాడి మొహం వెలిగింది. "ఓలమ్మో, ఇది మా దరువే కదా!" అని కాళ్లు రెండూ దించాడు. వేగం నిలకడగా లేదు, హైహాట్ అసలు ముట్టుకోలేదు, అడ్డదిడ్డంగా ఎక్కడ పడితే అక్కడ సింబల్ కొట్టాడు. అయినా ఆ కిక్ దెబ్బ నా బేస్ స్ట్రింగ్ కింద సరిగ్గా వచ్చి కూచుంది. మాస్టారు వాయిస్తూనే నా వైపు చూసి బండబూతు ఒకటి తిట్టారు. సంతోషం వస్తే ఆయనకది అలవాటు. మధ్యలో పెడల్ స్ప్రింగు ఊడిపోయింది. వాడే జేబులోంచి పానా తీసి బిగించుకుని మళ్లీ అందుకున్నాడు. ఫిట్టర్ చదివినవాడు డ్రమ్మర్ అయితే ఈ లాభం కూడా ఉంది.

లయ తప్పకుండా టిక్ టిక్ మనే మెట్రోనోమ్‌తో కుదురుకోవడానికి నెలలు పట్టింది. ఆ విసుగంతా రాయను.

ఇరుగు పొరుగు ఏమంటారంటే, "సంగీతానికి పేరున్న ఊళ్లో ఈ గోలేంటి?" అంటారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. 1919లో సంగీత కళాశాల పెట్టిన ఊరు మనది, ఒప్పుకుంటాను. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ఒప్పుకుంటాను. అక్కడే ద్వారం వెంకటస్వామినాయుడు గారు ఏ వాయిద్యంతో దేశమంతా పేరు తెచ్చుకున్నారు? వయొలిన్. అది బొబ్బిలి పనస చెట్టుకి కాసిందా? దొరల దగ్గర్నుంచి వచ్చిన వాయిద్యమే కదా! వయొలిన్‌కి ఇచ్చిన గడువు ఎలక్ట్రిక్ గిటారుకి ఎందుకివ్వరు? రాత్రి పన్నెండింటి వరకు పెళ్లి ఊరేగింపు డీజే బాక్సులకి కిటికీలు అదురుతుంటే నోరెత్తని వాళ్లు, సాయంత్రం ఆరింటికి మా గోడౌను ముందు ఆగి చెవులు మూసుకుంటారు. ఆ బాక్సులు కూడా చాలావరకు నావే, అది వేరే సంగతి.

దసరాలకి ఒక వీధి పందిట్లో ఆర్కెస్ట్రా వాళ్లు భోజనానికి లేచిన సందులో కమిటీ వాళ్లు మాకు స్టేజి ఇచ్చారు. రెండో పాటకే ముందు వరస కుర్చీలు ఖాళీ, "సినిమా పాట, సినిమా పాట" అని కేకలు. వెనకాల నిలబడ్డ కుర్రాళ్లు మాత్రం కదల్లేదు. వాళ్లు చూస్తున్నది మాస్టారి వేళ్లను కాదు, మా గుంటడి కాళ్లను. మేం స్టేజి దిగగానే ఒకడు వచ్చి, "అన్నా, ఆడు తప్పెటగుళ్లోడా?" అని అడిగాడు. మాస్టారి సోలో గురించి ఒక్కడూ అడగలేదు. ఆయనకు కొంచెం కష్టంగానే అనిపించి ఉంటుంది, పైకి అనలేదు.

కాబట్టి మీరు ఆంప్ డబ్బులు పక్కన పెట్టి పండగలకి ఊళ్లు తిరగండి. శ్రీకాకుళం వైపైనా, ఎస్.కోట వైపైనా తప్పెటగుళ్లు ఆడుతున్నారని తెలిస్తే ముందు వరసలో కూచోండి, కాళ్లు చూడండి. పెద్దవాళ్లతో మర్యాదగా మాట్లాడండి, డబ్బులొస్తాయని అబద్ధం చెప్పకండి. మా గుంటడి మీద మాత్రం కన్నెయ్యకండి.

ఒక సాయం మీరూ చెయ్యాలి. మాకింకా పాడేవాడు దొరకలేదు. మాస్టారు పాడతానంటున్నారు, అది జరగకూడదు. గట్టి గొంతు ఉండి, సంక్రాంతికీ గంగమ్మ పండక్కీ ప్రాక్టీసు ఉండదంటే గొడవపడని మనిషి ఎవరైనా మీ ఎరికలో ఉంటే చెప్పండి. జీతం లేదు. టీ, మిరపకాయ బజ్జీలు నా ఖాతా.