భాష వస్తే చాలదా, శిక్షణ ఎందుకు?

ప్రశ్న: డిగ్రీలో ఫ్రెంచ్ ప్రధాన విషయంగా చదివి, బి2 స్థాయి పరీక్షలో ఉత్తీర్ణురాలినయ్యాను. హైస్కూలు విద్యార్థులకు ఆ భాష నేర్పాలన్న కోరికతో ఉపాధ్యాయ శిక్షణకు దరఖాస్తు చేశాను. భాష ఇంత వచ్చాక మళ్లీ శిక్షణ దేనికని ఇంట్లో అడుగుతున్నారు. అది నా మాతృభాష కాదన్న జంకు కూడా ఉంది. దేని మీద శ్రద్ధ పెట్టమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా స్థాయి సంగతి చూద్దాం. భాష ఎంత వచ్చో కొలవడానికి కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రచురించిన ఉమ్మడి ప్రమాణాల్లో ఎ1 నుంచి సి2 వరకు ఉన్న ఆరు మెట్లలో బి2 నాలుగోది. సొంతంగా చదువుకోవడానికి, చర్చల్లో పాల్గొనడానికి అది సరిపోతుంది గానీ, అనుకోని ప్రశ్న ఎదురైనప్పుడు తడుముకోకుండా జవాబు చెప్పాలంటే సి1 వైపు సాగడం మేలు. శిక్షణ మొదలయ్యాక పాఠ్యపథకాలు రాయడంలో మునిగి సొంత భాషాభ్యాసాన్ని పక్కన పెట్టేసే ప్రమాదం ఉంది కాబట్టి, రోజూ కొంతసేపు వినడం, చదవడం ఇప్పుడే అలవాటు చేసుకోండి.

ఇక మీ ఇంట్లోవారి సందేహం. ఫ్రెంచ్‌లో ఒక్క ముక్క రాని పిల్లలకు ఫ్రెంచ్‌లోనే మాట్లాడి అర్థమయ్యేలా చెప్పడం డిగ్రీలో ఎవరూ నేర్పరు. పుస్తకం తెరవమనడానికి, పక్కవారిని అడగమనడానికి ఎప్పుడూ అవే మాటలు, అవే సైగలు వాడాలి. మాట మార్చి మార్చి చెబితే, అది మనకు ఎంత సహజంగా అనిపించినా, పిల్లలు అయోమయంలో పడతారు.

అంతకంటే కష్టమైన విద్య తప్పులు దిద్దడం. కెనడాలో ఫ్రెంచ్ మాధ్యమంగా సాగే ప్రాథమిక తరగతులను పరిశీలించి రాయ్ లిస్టర్, లీలా రాంటా 1997లో ఒక అధ్యయనం ప్రచురించారు. విద్యార్థి తప్పుగా అన్న వాక్యాన్ని ఉపాధ్యాయుడు సరిచేసి తానే చెప్పేయడం అక్కడ అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన పద్ధతి. విద్యార్థుల నుంచి అతి తక్కువ స్పందన రాబట్టిందీ అదే. సగం వాక్యం అందించి ఆగడం, మళ్లీ చెప్పమనడం వంటివి చేసినప్పుడు పిల్లలు తమ తప్పును తామే దిద్దుకున్నారు. అయితే మాట్లాడడానికే జంకే విద్యార్థి నోరు విప్పినప్పుడు ప్రతి తప్పునూ పట్టుకోవడం నా దృష్టిలో అన్యాయం. ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు ఊరుకోవాలి అన్న వివేచన పుస్తకాలతో రాదు. అనుభవజ్ఞుల తరగతుల్లో వెనక బెంచీ మీద కూర్చుని చూడాలి, మీ పాఠాన్ని మరొకరు చూసి చెప్పిన లోపాలను నొచ్చుకోకుండా రాసుకోవాలి. శిక్షణలో అసలు విలువైన భాగం ఈ బోధనాభ్యాసమే.

మాతృభాష కాకపోవడం గురించి అంతగా దిగులు పడనక్కరలేదు. నామవాచకాల లింగభేదం దగ్గర, ముక్కుతో పలికే అచ్చుల దగ్గర మీరూ ఒకప్పుడు తడబడే ఉంటారు కనుక, విద్యార్థి ఎక్కడ ఆగిపోతాడో ముందే ఊహించగలరు. ఉచ్చారణపై అనుమానం ఉంటే, ఒక్కో ధ్వనికి ఒక్కో గుర్తు ఉండే అంతర్జాతీయ ధ్వనిలిపి నేర్చుకోండి. దాన్ని రూపొందించిన సంఘం 1886లో పారిస్‌లో పాల్ పాసీ నాయకత్వంలో పుట్టింది, పుట్టించినవారు భాషోపాధ్యాయులే.

ప్రశ్న: ఒక్క విదేశీ భాష వస్తే సరిపోతుందా, రెండోది కూడా నేర్చుకోవాలా?
– మరొక పాఠకుడు

జవాబు: చాలా పాఠశాలలు రెండు భాషలు చెప్పగలవారికే మొగ్గు చూపుతాయి. అయినా ప్రధాన భాష గట్టిపడేదాకా ఆగండి. తర్వాత రెండోదాన్ని చిన్న తరగతులకు చెప్పగలిగినంత నేర్చుకోండి. మీరు దరఖాస్తు చేయదలచిన పాఠశాలల్లో ఏ భాషలు నడుస్తున్నాయో ముందుగా కనుక్కుని ఎంచుకోవడం మంచిది.