నానో సిల్వర్ డ్రెస్సింగ్ అంటుకుపోతుంటే

నూనె పడి కాలిన అమ్మగారి చేతికి వేసిన నానో సిల్వర్ డ్రెస్సింగ్ (సన్నని వెండి కణాలు పూసిన కట్టు) సెలైన్‌తో తడుపుతున్నా ఎండిపోతోందని, పుండు మానట్లేదని రాశారు కదా. మానకపోవడానికి సెలైన్‌తో తడపడమే కారణం కావచ్చు.

1. సెలైన్ అంటే ఉప్పునీరే. అందులోని క్లోరైడ్ వెండితో కలిస్తే సిల్వర్ క్లోరైడ్ అవుతుంది. క్రిములను చంపాల్సిన వెండి అయాన్లు పుండుకి సరిగా అందవు. స్టెరైల్ వాటర్‌తోనే (ఉప్పు కలపని, క్రిములు లేని నీళ్లతోనే) తడపాలి. మందుల షాపులో రెండు సీసాలూ ఒకేలా కనిపిస్తాయి, లేబుల్ చదివి తీసుకోండి. చాలామంది తప్పేది ఇక్కడే.

2. చెమ్మ ఆరనివ్వకండి. హైదరాబాద్ ఎండల్లో, ఫ్యాన్ కింద త్వరగా ఆరిపోతుంది.

3. కింద జిడ్డు ఆయింట్‌మెంట్ రాయొద్దు.

అంటుకుంటే లాగకండి, కొత్త చర్మం ఊడొస్తుంది. స్టెరైల్ వాటర్‌తో నానబెట్టి తీయండి.

చీము, జ్వరం ఉంటే, లేదా రెండు వారాలైనా మానకపోతే ఉస్మానియా ఆసుపత్రి కాలిన గాయాల విభాగంలో వెంటనే చూపించండి.