చుక్కల మధ్య సారా: రుచి చూసిందెవరు?

ప్రశ్న: మాస్టారూ, నక్షత్రాల మధ్య మంచులో సారా దొరికిందని పేపర్లో వేశారు. అక్కడికి మనిషి వెళ్లనే లేదు, మరి రుచి చూసిందెవరు? మా పాప ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. ‘ల్యాబ్‌లో చూసి చెప్తారమ్మా’ అంటుంది. ల్యాబ్‌లో చూస్తే అక్కడిది ఎలా తెలుస్తుంది?
— ఒక గృహిణి, పలాస

జవాబు: మీ పాప చెప్పింది నిజమేనమ్మా, కాకపోతే సగమే చెప్పింది.

సారా అంటే ఇక్కడ ఇథనాల్. అంతరిక్షంలో దాని ఆవిరిని రేడియో టెలిస్కోపులు 1970ల్లోనే పట్టుకున్నాయి. ఆవిరిలో అణువు బొంగరంలా తిరుగుతుంది, ఆ తిరుగుడే రేడియోలో తెలిసేది. మంచులో ఇరుక్కుంటే ఇంకేం తిరుగుతుంది? సంక్రాంతి ముందురోజు పలాస ప్యాసింజర్‌లో నిలబడ్డ మనిషే అనుకోండి. ఇటు నుంచి అటు తిరగలేడు, మోచెయ్యి కదిపితే అదే గొప్ప. అణువు అలా కదిలినప్పుడు కంటికి కనపడని పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతిని కొంత మింగుతుంది. అప్పుడే పుడుతున్న నక్షత్రం వెలుగు ఆ మంచులోంచి మన దాకా వస్తే, దాన్ని గ్రాఫ్‌గా గీసినప్పుడు మింగేసిన చోటల్లా గుంటలు పడి ఉంటాయి. ఏ గుంట ఎవరిదో తేల్చడానికే ల్యాబ్.

స్టీలు పాత్రలోంచి గాలి తోడేసి, లోపలున్న చిన్న కిటికీ బిళ్లని హీలియంతో మైనస్ 263 డిగ్రీల దాకా చల్లబరుస్తారు. నీటి ఆవిరి, ఇథనాల్ ఆవిరి కలిపి సన్నగా వదిలితే బిళ్ల మీద పొరలా గడ్డకడుతుంది. దానిలోంచి పరారుణ కాంతి పంపి గుంటలు గీసుకుంటారు. కొంచెం కొంచెం వేడి చేస్తూ మళ్లీ గీస్తారు. ఇథనాల్ ఒక్కటే ఉంటే ఒక గీత, నీళ్లతో కలిస్తే ఇంకో గీత. పక్కన ఎవరున్నారో కూడా చూడాలన్నమాట.

ఈ పక్కవాళ్ల గొడవ నాకు శ్రీకాకుళంలోనే తెలిసింది. ప్రాక్టికల్స్‌లో పొటాషియం బ్రోమైడ్ అనే ఉప్పుని పదార్థంతో కలిపి కల్వంలో నూరి, ప్రెస్‌లో నొక్కితే అద్దంలాంటి బిళ్ల రావాలి. దానిలోంచే పరారుణం పంపి గ్రాఫ్ గీస్తాం. ఆగస్టు వానలు, పైగా కరెంటు పోయి ఉప్పు ఆరబెట్టే ఓవెన్ ఆగింది. బిళ్లలన్నీ మజ్జిగ రంగు. ఒక కుర్రాడు బెంజోఫినోన్ అనే పదార్థం గ్రాఫ్‌లో, ఆల్కహాల్ గుంట పడే 3400 అంకె దగ్గర పెద్ద గుంట చూపించి, ‘సార్, ఇందులో ఆల్కహాల్ ఉంది’ అన్నాడు. ఆల్కహాల్ కాదురా నాయనా, అది మన ఊరి వాన! ఉప్పు పీల్చుకున్న తేమ.

టెలిస్కోపుకీ ఇదే తంటా. మన గాలిలోని తేమ, కార్బన్ డయాక్సైడ్ పరారుణాన్ని చాలా చోట్ల మింగేస్తాయి. అందుకే జేమ్స్ వెబ్ టెలిస్కోపుని గాలి దాటించి అంతరిక్షంలో పెట్టారు, 15 లక్షల కిలోమీటర్ల దూరంలో. 2024లో దాని కొలతల్ని ల్యాబ్ గీతలతో పోల్చి, ఐరాస్ 2ఎ అనే శిశు నక్షత్రం చుట్టూ ఉన్న మంచులో ఇథనాల్ ఉందన్నారు. తొందరపడి అన్న మాట కాదు. 7.24 మైక్రాన్ల దగ్గర ఇథనాల్ గుంటా, చీమల విషంలో ఉండే ఫార్మిక్ ఆమ్లం గుంటా ఒకదాని మీద ఒకటి పడతాయి. ఆ ఒక్కటే చూస్తే మా కుర్రాడి పనే అవుతుంది. అందుకని ఒకేసారి చాలా అణువుల గీతల్ని కలిపి సరిచూశారు.

అన్నట్టు, ఆ మంచులోనే ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లో పులుపు, ఉండొచ్చని కూడా చెప్పారు. మీ పేపరువాళ్లు దానికి హెడ్డింగు పెట్టలేదు కాబోలు.