తెలుగు టెక్స్ట్ ఫైల్ బ్రౌజర్‌లో పిచ్చి గుర్తులుగా ఎందుకు కనిపిస్తుంది?

ఎడిటర్‌లో బాగానే ఉన్న ఫైల్ సర్వర్‌లో పెట్టగానే ఇలా మారిపోయిందంటే ఫైల్ పాడవలేదు, చదివే పద్ధతి తప్పింది. ఫైల్‌లో ఉండేవి ఉత్త బైట్లే, అంటే సంఖ్యలే. ఏ ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను బైట్లుగా మార్చే పద్ధతిలో) రాశారో మామూలు టెక్స్ట్ ఫైల్ తనంతట తాను చెప్పదు.

సర్వర్ చెబుతుందిలే అనుకుంటాం. కానీ అది సాధారణంగా ఫైల్ తెరిచి చూడదు. పేరు చివరి ఎక్స్‌టెన్షన్ చూసి 'ఇది టెక్స్ట్' అని, ఫైల్‌తో పాటు వెళ్లే కంటెంట్-టైప్ హెడర్ అనే చీటీలో రాసి పంపేస్తుంది. సెట్టింగ్స్‌లో మనం చెప్పి ఉంటేనే పక్కన చార్‌సెట్ (ఎన్‌కోడింగ్ పేరు) కూడా చేరుస్తుంది.

బ్రౌజర్ ముందుగా ఫైల్ మొదట్లో బామ్ (ఎన్‌కోడింగ్ ఏదో తెలిపే గుర్తు) ఉందేమో చూస్తుంది. తెలుగుతో సహా అన్ని భాషలకూ పనికొచ్చే ఎన్‌కోడింగ్ యుటిఎఫ్-8కి అది 239, 187, 191 అనే మూడు బైట్లు. అది ఉంటే హెడర్ ఏం చెప్పినా పట్టించుకోదు. లేకపోతే హెడర్‌లోని చార్‌సెట్ మాట వింటుంది. అదీ లేకపోతే ఊహించడమే. హెచ్‌టిఎంఎల్ పేజీకైతే లోపలే ఎన్‌కోడింగ్ చెప్పే మెటా ట్యాగ్ ఆదుకుంటుంది, టెక్స్ట్ ఫైల్‌కి ఆ దారి లేదు.

ఊహ తప్పి, పాశ్చాత్య భాషల పాత ఎన్‌కోడింగ్ విండోస్-1252 అనుకుందనుకోండి. యుటిఎఫ్-8లో 'అ' అంటే 224, 176, 133. ఆ మూడూ మూడు వేర్వేరు గుర్తులవుతాయి: తలపై చిన్న గీత ఉన్న ఇంగ్లిష్ ఎ, డిగ్రీ సున్నా, మూడు చుక్కలు. తెలుగు అక్షరాలన్నీ 224తోనే మొదలవుతాయి కాబట్టి ఆ గీత ఎ పేజీ నిండా కనిపిస్తుంది. దాన్ని చూడగానే జబ్బేంటో తెలిసిపోతుంది!

సరిచేయాలంటే, మీ సర్వర్ ప్రోగ్రామ్‌ని బట్టి అపాచీలో యాడ్‌డిఫాల్ట్‌చార్‌సెట్, ఎన్‌జినెక్స్‌లో చార్‌సెట్ అనే సెట్టింగ్‌కి యుటిఎఫ్-8 ఇవ్వండి. సర్వర్ మీ చేతిలో లేకపోతే ఫైల్‌ని బామ్‌తో సేవ్ చేయండి. నాకది అంతగా నచ్చదు, కొన్ని ప్రోగ్రాములు ఆ మూడు బైట్ల దగ్గరే తడబడతాయి.