బుజ్జీ, ఆ పొడుగు స్కీలు వద్దు

పర్లాకిమిడి

చిరంజీవి బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి రాయగడ నుంచి మీ అమ్మ ఫోన్ చేసింది. హలో అయినా అనకుండా, "ఏట్రా ఇది? గుంట కాశ్మీరెళ్లి మంచుకొండ ఎక్కుతానంటోంది, అంతా నీ మూలానే" అని అందుకుంది. సెలవులకొచ్చినప్పుడల్లా మంచు కబుర్లు చెప్పి నిన్ను చెడగొట్టింది నేనేనట. తిట్లన్నీ తలవంచుకునే విన్నాను గానీ, లోపల మీసం మెలేస్తూనే ఉన్నాను. మన వైపు చలంటే దారింగ్‌బాడి. అక్కడ గడ్డి మీద కాస్త మంచు పేరుకుంటే జనం జీపులు మాట్లాడుకుని మరీ చూడ్డానికి వెళ్తారు. అలాంటి చోటు నుంచి ఒక పిల్ల తన కాళ్లతో కొండెక్కి, పాదాలకు బిగించుకునే స్కీ పలకల మీద జారుతూ దిగుతానంటే గర్వంగా ఉండదా?

తర్వాత నువ్వు కొనబోయే సామానంటూ పంపిన లిస్టు చూశాను. గర్వం మొత్తం దిగిపోయింది.

నీ ఎత్తు 162 సెంటీమీటర్లు. స్కీ పొడవు 176, నడుము, అంటే స్కీ మధ్యభాగం, వెడల్పు 108 మిల్లీమీటర్లు, బరువు ఒక్కొక్కటి 1,850 గ్రాములు. ఎవరమ్మా నీకిది చెప్పింది? గుల్మర్గ్‌లో మంచు లోతుగా, మెత్తగా ఉంటుంది, వెడల్పు స్కీ అయితేనే తేలుతుందని నీ ఫ్రెండ్ అన్నాడన్నావు. అబద్ధం కాదు. కానీ అతను లిఫ్టులో పైకెళ్లి కిందికి దిగే మనిషి. ఎక్కే పని గండోలా, అదే కేబుల్ కారు, చూసుకుంటుంది. నీకు రోజులో ముప్పావు వంతు ఎక్కడమే.

లెక్క చూడు. నువ్వు రాసుకున్న స్కీ, బూటును స్కీకి పట్టి ఉంచే ఆ బరువైన ఫ్రేమ్ బైండింగు, బూటు కలిపితే ఒక్కో కాలికి నాలుగున్నర కిలోలు దాటుతుంది. 1,400 గ్రాముల లోపు స్కీ, చిన్న పిన్నులతో బూటును పట్టే తేలికైన పిన్ బైండింగు, కొండెక్కడానికి చేసిన టూరింగ్ బూటు అయితే మూడు కిలోల దగ్గర ఆగుతుంది. తేడా కిలోన్నరేగా అనకు. వీపు మీది కిలో వేరు, పాదం మీది కిలో వేరు. నడకలో పాదానికి కట్టిన బరువు వీపు మీద మోసినదానికి నాలుగైదు రెట్ల శక్తి తింటుందని సైన్యాల కోసం చేసిన ప్రయోగాల్లోనే తేలింది. స్కీని ఎత్తకుండా ఈడుస్తాం కాబట్టి కొంత తగ్గుతుందేమో గానీ, మలుపు దగ్గర ఎత్తక తప్పదు. నమ్మకం లేకపోతే మహేంద్రగిరి వెళ్లు. ఒకరోజు మూడు కిలోల ఇసుక బ్యాగులో వేసుకుని ఎక్కు. ఇంకోరోజు అదే ఇసుక రెండు మూటలు చేసి బూట్లకు కట్టుకుని ఎక్కు. అది 1,501 మీటర్ల కొండ. గుల్మర్గ్‌లో నువ్వు బండి దిగే చోటే 2,650, ఆ పైన గాలి ఇంకా పల్చన.

పొడవు విషయంలో నాకెందుకంత పట్టుదలో చెప్తాను.

మేం నేర్చుకునే రోజుల్లో స్కీలు తిన్నగా, సన్నగా ఉండేవి. చెయ్యి పైకెత్తితే మణికట్టు దాకా రావాలి, అదే కొలత. 1990ల తర్వాత నడుము దగ్గర సన్నబడే స్కీలు వచ్చాక ఆ కొలత పోయింది. మాలో ఒకడు, నా అంత ఎత్తే ఉంటాడు, ఆ కొలత కూడా చాలదని స్టోర్లో అన్నిటికన్నా పొడుగు జత ఏరుకున్నాడు. దిగడంలో వాణ్ని మించినవాడు లేడు. పొడుగు స్కీ ఉంటే మగతనమని అప్పట్లో అందరికీ ఒక పిచ్చి, అందుకే ఎవరం ఏమీ అనలేదు.

ఎక్కేటప్పుడు వాలు నిటారైతే అడ్డంగా నడిచి, చివర కిక్ టర్న్ కొట్టాలి, అంటే నిలబడ్డచోటే ఒక్కో కాలూ ఎత్తి వెనక్కి తిరగాలి. ముందు పైకాలు తిప్పి పెడతావు. రెండో కాలు ఎత్తగానే, మడమ వదులుగా ఉంటుంది కాబట్టి స్కీ ముక్కు కిందికి వేలాడి మంచులో గుచ్చుకుంటుంది. మడమతో చిన్న తన్ను తంతే ముక్కు లేస్తుంది, అప్పుడు లాక్కోవాలి. పొట్టి స్కీకి అది క్షణం పని. వాడి స్కీ ముక్కు ప్రతి మలుపులోనూ తట్టుకునేది. వాడు విడిపించుకుని, ఊపిరి పీల్చుకుని, మళ్లీ తన్నేదాకా వెనక లైనంతా నిలబడాలి. పొద్దెక్కకముందే దాటాల్సిన నాలా, అంటే కొండ వాగు లోయ, దగ్గరికి చేరేసరికి పైవాలు మీద ఎండ పడిపోయింది. నిమ్మకాయంత మంచు ఉండలు వాటంతటవే దొర్లుతున్నాయి. మమ్మల్ని నడిపించే నాయక్ అది చూసి వెనక్కి తిప్పేశాడు. కొందరు సణిగారు కూడా. తిరుగుదారిలో, అలసిపోయిన కాళ్లతో వాడు రెండు స్కీల ముక్కులూ మెలివేసుకుని పడ్డాడు. మోకాలు పోయింది. స్కీలు జోడించి కట్టి, వాణ్ని దాని మీద ఈడ్చుకొస్తుంటే పైన పెద్ద చప్పుడు. వెనక్కి చూస్తే మేం నడిచొచ్చిన గాడి మంచు కింద పూడిపోయింది.

వాడి తప్పు వాడి మోకాలితో పోతే నేనింత రాయను. వాడి కోసం నిలబడ్డ ప్రతివాడూ ఆ వాలు కిందే నిలబడ్డాడు. 2010 ఫిబ్రవరిలో గుల్మర్గ్ పైనున్న ఖిలన్‌మర్గ్‌లో మంచుపెళ్లలు విరిగిపడి పదిహేడు మంది జవాన్లు పోయారు. నువ్వు వెళ్తున్నది ఆ కొండకే. ముప్పై నుంచి నలభై అయిదు డిగ్రీల వాలు చూడ్డానికి ఎంత అందంగా ఉంటుందో, జారేదీ ఎక్కువగా అదే. అక్కడ ఆలస్యం చేయించే వస్తువేదీ కొనుక్కోకు తల్లీ.

నీకు పొడవు 160 సెంటీమీటర్లు అటూ ఇటూ చాలు, ముక్కు ఎత్తి వంచినవైతే 164 దాకా వెళ్లొచ్చు. నడుము 90 నుంచి 98 లోపు. కిలో కన్నా తక్కువ బరువుండే రేసు స్కీల జోలికీ పోకు, గాలికి గట్టిపడ్డ మంచు మీద అవి గడగడలాడి నిన్ను విసిరేస్తాయి. కంపెనీ పట్టీలో బరువు చూసుకునేటప్పుడు నీ బరువుకి బ్యాగు బరువు కూడా కలుపు. ముందు అద్దెకు తీసుకుని రెండు రోజులు తిరుగు, తర్వాతే కొను. బూట్లు మాత్రం సొంతవి కొనుక్కో. పిన్ బైండింగుకి పట్టే గుంతలు ముందూ వెనకా ఉన్నాయో లేదో చూసుకో. బైండింగు విడిపోయే సెట్టింగ్ నీ బరువుకు తగ్గట్టు షాపువాడి చేత పెట్టించుకో, ఊడుతోందని బిగించకు. స్కిన్స్, అంటే ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా స్కీ అడుగున అంటించే పట్టీలు, స్కీ వెడల్పుకి కోయించి, అంచుల ఇనుము బయటికి ఉంచు. చలికి వాటి జిగురు పట్టు వదులుతుంది, దిగేటప్పుడు మడిచి జాకెట్ లోపల పెట్టుకో. మంచులో పూడినవాళ్లను వెతకడానికి సిగ్నలిచ్చే బీకన్, గుచ్చి చూసే ప్రోబ్ కర్ర, తవ్వే పార లేకుండా గుమ్మం దాటకు. ఒంటరిగా అసలే వద్దు. అక్కడి గైడు వెనక్కి అంటే వెనక్కే, మారుమాట వద్దు.

డబ్బు చాలకపోతే మీ అమ్మకు చెప్పకుండా నాకు చెప్పు. బూట్ల ఖర్చు నాది. కోప్పడ్డానని ముఖం ముడుచుకోకు.

ఇంకొకటి. మన ప్రీపెయిడ్ సిమ్ కాశ్మీర్లో పనిచేయదు. ఇప్పుడే పోస్ట్‌పెయిడ్‌కి మార్పించు. సాయంత్రం నాలుగు దాటి నీ ఫోన్ రాకపోతే మీ అమ్మ గుణుపురం బస్సెక్కి తిన్నగా మా ఇంటికొచ్చి కూర్చుంటుంది. ఆవిడతో రాత్రంతా టెన్షన్ పడటం నా వల్ల కాదు.

మీ మామయ్య