జీపీఎస్‌డీవో లాక్ అయింది, ఇక సర్టిఫికెట్ మీద ట్రేసబుల్ అని రాసేయొచ్చా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ: సెకండ్‌హ్యాండ్‌లో జీపీఎస్‌డీవో (జీపీఎస్ సమయాన్ని చూసి తన లోపలి క్రిస్టల్‌ని సరిదిద్దుకుంటూ 10 మెగాహెర్ట్జ్ సిగ్నల్ ఇచ్చే డబ్బా) ఒకటి కొన్నారు, జీపీఎస్‌కి లాక్ అయిందని పచ్చ లైటు వెలిగింది, దాని 10 మెగాహెర్ట్జ్‌తో కస్టమర్ల ఫ్రీక్వెన్సీ కౌంటర్లు (సిగ్నల్ ఫ్రీక్వెన్సీ కొలిచే పరికరాలు) సరిచేసి ట్రేసబుల్, అంటే అంతర్జాతీయ ప్రమాణం దాకా ముడిపడిన కొలత, అని సర్టిఫికెట్ మీద వేయొచ్చా అని. లైటు చూసి మాత్రం వేయకండి. నేను వేసి దెబ్బతిన్నాను.

కుషాయిగూడలో మాది చిన్న రిపేరు షాపు. ఆరేడేళ్ల కింద ఒక కౌంటర్ సరిచేసి పంపిస్తే, రెండు నెలలకి వాళ్ల ఆడిటర్ ఫోన్ చేసి ఒక్కటే అడిగాడు: "ఆ రోజు మీ రిఫరెన్స్ లాక్‌లో ఉందనడానికి రికార్డు ఏదండీ?" లైటు పచ్చగానే ఉందండీ అన్నాను. అవతల కాసేపు మాట లేదు. సాయంత్రం ల్యాప్‌టాప్ తగిలించి చూద్దును కదా, ఒక్క శాటిలైట్ కూడా లేదు, డబ్బా హోల్డోవర్‌లో ఉంది, అంటే జీపీఎస్ వదిలేసి లోపలి క్రిస్టల్ ఒక్కదాని మీదే నడుస్తోంది, మా మోడల్‌లో అప్పుడు కూడా పచ్చ లైటే. మేడ మీదకి వెళ్తే సంగతి తెలిసింది. ఓనరు గారు కొత్త నీళ్ల ట్యాంకు పెట్టించారు, కూలీలు అడ్డమని నా యాంటెన్నా ఊడదీసి ట్యాంకు దిమ్మ కింద జాగ్రత్తగా దాచి వెళ్లారు. కాలిబ్రేషన్ రోజున అది పైన ఉందో కింద ఉందో ఇప్పటికీ చెప్పలేను. కౌంటర్‌కి వచ్చిన నష్టమేమీ లేదు, అంత చిన్న తేడా పట్టే సీను దాని క్రిస్టల్‌కి లేదు. పోయింది నా పరువే.

ఇది పనిచేసే పద్ధతి తెలిస్తే ఏం రాసిపెట్టుకోవాలో కూడా తెలుస్తుంది. రిసీవర్ సెకనుకొకటి ఇచ్చే పల్స్ ఒక 10 నానోసెకన్లు అటూ ఇటూ ఊగుతుంది అనుకోండి, ఒక్క సెకనులో చూస్తే అది 10 కోట్లలో ఒక వంతు తప్పు, అంటే నాసిరకం. అదే ఊగుడు రోజు మొత్తం మీద చూస్తే దాదాపు 10 లక్షల కోట్లలో ఒక వంతు. డబ్బా లోపలి ఓవెన్ క్రిస్టల్ (వేడి మారకుండా ఉంచిన క్రిస్టల్) దీనికి తలకిందులు, సెకనులో నిలకడగా ఉంటుంది గానీ రోజులు గడిచేకొద్దీ జరుగుతుంది. అందుకని డబ్బా క్రిస్టల్‌ని పల్స్ వైపు మెల్లగా, నిమిషాల నుంచి గంటల మీద లాగుతూ ఉంటుంది. రాత్రి ఆపేసి పొద్దున వేసుకునే అలవాటుంటే మానేయండి, రోజుల తరబడి కరెంటులో ఉండాల్సిందే. మాది ఇన్వర్టర్ మీద ఉంది.

ఇక ట్రేసబిలిటీ అంటే మీ కొలత నుంచి అంతర్జాతీయ ప్రమాణం దాకా పోలికల తెగని గొలుసు, ప్రతి లింకుకీ ఇంత అనిశ్చితి (ఎంత తప్పు ఉండొచ్చో) అని లెక్క. పైనున్న లింకులకి మీరు బెంగపడక్కర్లేదు. జీపీఎస్ సమయాన్ని అమెరికా నేవల్ అబ్జర్వేటరీ గడియారాలకి దగ్గరగా ఉంచుతారు, ఆ గడియారాలకీ యూటీసీకీ (ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయం) తేడా ఎంతో ఫ్రాన్స్‌లోని అంతర్జాతీయ కొలతల సంస్థ బీఐపీఎం ప్రతినెలా సర్క్యులర్ టీ అనే నివేదికలో వేస్తుంది, అందులో మన ఢిల్లీ నేషనల్ ఫిజికల్ ల్యాబొరేటరీ (ఎన్‌పీఎల్) వరస కూడా ఉంటుంది. తెగేది మేడకీ మీ టేబుల్‌కీ మధ్యే.

నేనిప్పుడు ఒక పాత పీసీని దానికే కట్టేశాను. ఎన్ని శాటిలైట్లు, లాకా హోల్డోవరా, క్రిస్టల్‌కి వెళ్లే కంట్రోల్ వోల్టేజీ ఎంత, ఇవన్నీ రోజంతా ఫైల్లోకి పోతుంటాయి. ఆ వోల్టేజీ గీత మెల్లగా ఒకవైపే వంగుతుంటే క్రిస్టల్‌కి వయసు పడుతోందని, గభాలున విరిగితే ఏసీ ఆగిందనో యాంటెన్నాకి ఏదో అయిందనో. పక్కన సెకండ్‌హ్యాండ్ రుబీడియం (జీపీఎస్ లేకుండా నడిచే చిన్న పరమాణు గడియారం) కూడా పెట్టుకున్నాను. ఆసిలోస్కోప్‌ని జీపీఎస్‌డీవో మీద ట్రిగ్గర్ చేసి రెండో చానల్లో రుబీడియం పెడితే ఆ అల నెమ్మదిగా పక్కకి జరుగుతుంది. 10 మెగాహెర్ట్జ్‌లో ఒక సైకిల్ అంటే 100 నానోసెకన్లు, అది 100 సెకన్లలో జరిగిపోతే తేడా 100 కోట్లలో ఒక వంతు అన్నట్టు. మా రెండింటి మధ్యా ఒక సైకిల్ జరగడానికి అరగంట పైనే పడుతుంది, టీ తాగొచ్చి చూసుకోవచ్చు. రెండో జీపీఎస్‌డీవో కొని అదే యాంటెన్నాకి కలిపితే మాత్రం లాభం లేదు, రెండూ కలిసే తప్పుతాయి.

శాటిలైట్లూ తప్పుతాయండోయ్. 2016 జనవరి 26న ఒక పాత శాటిలైట్‌ని సర్వీసు నుంచి తీసేసే సమయంలో జీపీఎస్ సమయాన్ని యూటీసీలోకి మార్చే సవరణ 13 మైక్రోసెకన్లు తప్పుగా ప్రసారమైంది, చాలాచోట్ల టైమింగ్ రిసీవర్ల అలారాలు మోగాయి. ఫ్రీక్వెన్సీ పనికి పల్స్‌ని యూటీసీ మీద కాకుండా జీపీఎస్ సమయం మీద పెట్టుకుంటే ఇలాంటి సవరణల గొడవ మీకు తగలదు, సెట్టింగులో ఒకసారి చూడండి.

సర్టిఫికెట్‌లో రిఫరెన్స్ ఏంటి, ఆ రోజు లాగ్ ఏం చెప్పింది, అనిశ్చితి ఎంత, ఇవి రాయండి. అనిశ్చితి దగ్గర జీపీఎస్‌డీవో బ్రోచర్లో అంకె దించేయకండి, మామూలు కౌంటర్‌లో పెద్ద వాటా దాని సొంత రిజల్యూషన్‌దీ, వేడెక్కే క్రిస్టల్‌దీ. కస్టమర్‌కి ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపు ఇచ్చే సంస్థ) సర్టిఫికెట్టే కావాలంటే ఆ పని మనది కాదు, గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి పంపించేయండి. నా రుబీడియంని కూడా ఒకసారి అలాగే పంపించి తెచ్చుకున్నాను.

ఇంకోటి, జీపీఎస్ తేదీని వారాల్లో లెక్కపెడుతుంది, పాత రిసీవర్లలో ఆ వారాల లెక్క 1024 దాటగానే మళ్లీ మొదటికొస్తుంది, తేదీ పందొమ్మిదిన్నరేళ్లు వెనక్కి చూపిస్తుంది. మీదీ అలా చూపిస్తే కంగారుపడకండి, 10 మెగాహెర్ట్జ్‌కి ఏమీ కాదు. లాగ్‌లో తేదీ మాత్రం పీసీ నుంచి తీసుకోండి, లేకపోతే ఆడిటర్‌కి ఇంకో కథ చెప్పుకోవాలి.