నాలుగేళ్ల బాబుతో సఫారీ: ఓసారి మాడిక్వే చూడండి

నాలుగేళ్ల బాబుతో దక్షిణాఫ్రికాలోని సాబీ సాండ్ అభయారణ్యంలో లాడ్జికి వెళ్దామంటే మలేరియా టెన్షన్, పైగా చిన్నపిల్లల్ని జీపు ఎక్కనివ్వం అన్నారని రాశారు కదండీ. అయితే మాడిక్వే అభయారణ్యం చూడండి. అదీ దక్షిణాఫ్రికాలోనే, బోట్స్వానా సరిహద్దు పక్కన. మలేరియా లేని ప్రాంతం. జొహన్నెస్‌బర్గ్ నుంచి కారులో నాలుగైదు గంటలు. సింహాలు, ఏనుగులే కాదు, అడవికుక్కలూ ఉంటాయి.

జీపు విషయంలో మాత్రం ఒక్కో లాడ్జిది ఒక్కో రూలు. కొన్నిచోట్ల జీపు మొత్తం మనమే తీసుకుంటే ఒప్పుకుంటారు. ఖర్చు ఎక్కువే, కానీ బాబు ఏడిస్తే ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా వెనక్కి తిరగొచ్చు. డబ్బు కట్టకముందే మెయిల్‌లో రాయించుకోండి. శాకాహారులైతే అదీ అప్పుడే చెప్పేయండి.

జూలైలో వెళ్తుంటే మంకీ క్యాప్ మరవకండి, అక్కడ అప్పుడు చలికాలం. తెల్లవారుజామున ఓపెన్ జీపులో, దుప్పటి కింద వేడినీళ్ల సంచి పెట్టుకున్నా నా ముక్కు మొద్దుబారిపోయింది.